బత్తాయి మానక్కర్లేదు, ఆలోచించాల్సింది పంపర పనస దగ్గర

ముందు మీ ప్రశ్న నాకెలా అర్థమైందో చెప్తాను. నాన్నగారికి 64 ఏళ్లు. బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, కొలెస్ట్రాల్‌కి ఆటోర్వాస్టాటిన్, షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. పొద్దున్నే పరగడుపున గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, తేనె. పదకొండింటికి బండి దగ్గర పెద్ద గ్లాసు బత్తాయి రసం. నెల కిందట స్కానింగ్‌లో కిడ్నీలో 4 మి.మీ. రాయి కనిపించింది. అమెరికాలో ఉన్న అన్నయ్య "ఇక్కడ మందుల డబ్బా మీదే గ్రేప్‌ఫ్రూట్ వద్దని స్టిక్కర్ వేస్తారు, బత్తాయి కూడా అదే జాతి, ఆపించెయ్యి" అన్నాడు. పక్కింటాయన నిమ్మరసంతో రాయి కరిగిపోతుందని ఇంకో గ్లాసు పెంచమన్నాడు. మధ్యలో అమ్మకి హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది, ఐరన్ మాత్రతో నిమ్మనీళ్లు తాగాలా అని ఆవిడ సందేహం.

ఇరవై ఏళ్లు దాటింది నేను ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరి. మీ అన్నయ్య చెప్పిందీ, పక్కింటాయన చెప్పిందీ రెండిట్లోనూ కొంత నిజం ఉంది. కాకపోతే ఒకరి మాట వేరే పండుకి వర్తిస్తుంది, ఇంకొకరి మాట వేరే రాయికి. పుల్లటి పండ్లన్నిటినీ ఒకే గాటన కట్టెయ్యడంతోనే ఈ గందరగోళం మొదలవుతుంది.

మాత్రల సంగతి ముందు చూద్దాం, అదే ముఖ్యం. గ్రేప్‌ఫ్రూట్ అంటే ద్రాక్ష కాదు. ఇది మీకు తెలిసే ఉంటుంది కానీ రాయక తప్పదు. గుండె మాత్రల డబ్బాలో ఉండే కాగితం చదువుకుని రెండేళ్లు ద్రాక్షపండు ముట్టని పెద్దాయన ఒకరు నా దగ్గరకొచ్చారు. మనవరాలు పళ్లెంలో పెట్టుకు తింటుంటే చూస్తూ కూర్చునేవారట. పేరు చేసిన అన్యాయం అది. గ్రేప్‌ఫ్రూట్ మన పంపర పనసకీ తీపి నారింజకీ పుట్టిన సంకరం, 18వ శతాబ్దంలో బార్బడోస్ దీవిలో మొదలైంది. గుత్తులు గుత్తులుగా కాస్తుంది కాబట్టి ఆ పేరు అంటారు.

ఈ పండుకీ మాత్రలకీ పడదని తెలిసింది కూడా అనుకోకుండానే. 1980ల చివర్లో కెనడాలోని ఒంటారియోలో డేవిడ్ బెయిలీ అనే శాస్త్రవేత్త బృందం ఫెలోడిపిన్ అనే బీపీ మందుకీ మద్యానికీ సంబంధం చూస్తోంది. మద్యం రుచి తెలియకుండా ఉండాలని గ్రేప్‌ఫ్రూట్ రసంలో కలిపి ఇచ్చారు. తీరా చూస్తే మద్యం కలవని రసం తాగినవాళ్లలో కూడా రక్తంలో మందు మోతాదు ఊహించినదానికి ఎన్నో రెట్లు ఉంది. తేడా చేసింది మద్యం కాదు, రసమే.

ఎలాగంటే, మన పేగు గోడలో సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది. చెక్‌పోస్టు లాంటిది. చాలా మందుల్లో కొంత భాగాన్ని రక్తంలోకి చేరకముందే అక్కడే విరగ్గొట్టేస్తుంది. ఆ పోయే భాగాన్ని లెక్కలో వేసుకునే కంపెనీలు మోతాదు నిర్ణయిస్తాయి. గ్రేప్‌ఫ్రూట్‌లోని ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమ్‌ని శాశ్వతంగా పనికిరాకుండా చేస్తాయి. పేగు మళ్లీ కొత్తది తయారు చేసుకోవాలి, దానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే "మాత్ర పొద్దున వేసుకుని పండు సాయంత్రం తింటాను" అంటే కుదరదు. ఒక గ్లాసు రసమో ఒక పండో చాలు, మరుసటి రోజు మాత్ర మీద కూడా ప్రభావం ఉంటుంది.

ఇప్పుడు బత్తాయి. మన బత్తాయి, రాయలసీమలో చీనీ అంటారు, తీపి నారింజ జాతిది. సాత్‌గుడి రకం. నల్గొండ తోటల్లో పండినా అనంతపురంలో పండినా అదే. తీపి నారింజల్లో ఈ ఫ్యూరనోకౌమరిన్లు లెక్కలోకి రానంత తక్కువ. కమలాపండు కూడా అంతే. కాబట్టి మాత్రల కారణంగా నాన్నగారు బత్తాయి ఆపనక్కర్లేదు.

ఆలోచించాల్సింది పంపర పనస విషయంలో. గోదావరి జిల్లాల వైపు పెరళ్లలో ఉంటుంది, తెలిసినవాళ్లు ఊరి నుంచి వస్తూ సంచిలో రెండు తెస్తారు, ఇంట్లో అందరూ కూర్చుని ఒలుచుకుంటారు. గ్రేప్‌ఫ్రూట్‌కి కన్నతల్లి లాంటిది కదా, ఆ గుణం దీన్నుంచే వచ్చింది. పులిహోరకీ పచ్చడికీ వాడే పుల్ల నారింజలోనూ ఈ పదార్థాలు ఉంటాయి గానీ, పులిహోరలో పిండిన నాలుగు చెంచాలకి కంగారు పడక్కర్లేదు. గ్లాసులకొద్దీ తాగితేనే ఇబ్బంది.

నాన్నగారి మాత్రల వరకూ చూస్తే: టెల్మిసార్టాన్‌కీ మెట్‌ఫార్మిన్‌కీ ఈ చెక్‌పోస్టుతో పని లేదు. ఆమ్లోడిపిన్ మీద ప్రభావం స్వల్పం. ఆటోర్వాస్టాటిన్ మీద కొంత ఉంటుంది, అయితే దాని హెచ్చరికలో చెప్పింది రోజుకి 1.2 లీటర్లకి మించి గ్రేప్‌ఫ్రూట్ రసం తాగేవాళ్ల గురించి. అంటే అమెరికా వెళ్లినప్పుడు అన్నయ్య ఇంట్లో తెలియక ఒకసారి తిన్నంత మాత్రాన ప్రాణం మీదికి రాదు. రోజువారీ అలవాటు మాత్రం వద్దు. అదే సింవాస్టాటిన్, నిఫెడిపిన్, ఫెలోడిపిన్ వాడేవాళ్లూ, కిడ్నీ మార్పిడి తర్వాత సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ వాడేవాళ్లూ గ్రేప్‌ఫ్రూట్‌ని, పంపర పనసని అసలు ముట్టకూడదు. మార్పిడి రోగుల విషయంలో నేను చాలా గట్టిగా చెప్తాను. ఒళ్లునొప్పులు, కండరాల నొప్పి, ముదురు రంగు మూత్రం కనిపిస్తే స్టాటిన్ (ఆటోర్వాస్టాటిన్, సింవాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్ర) వాడే ఎవరైనా డాక్టర్‌కి చెప్పాలి, పండు తిన్నా తినకపోయినా.

ఇంకొక మాట, దీన్ని ఎవరూ అడగరు. తుమ్ములకీ దద్దుర్లకీ వేసుకునే ఫెక్సోఫెనడిన్ మాత్ర ఉంది చూశారూ, దానికి ఉల్టా సమస్య. నారింజ, గ్రేప్‌ఫ్రూట్, ఆపిల్ రసాలతో మింగితే మందు ఒంటికి సరిగా పట్టదు. ఇక్కడ బత్తాయికి కూడా మినహాయింపు లేదు. అసలు ఏ మాత్రయినా నీళ్లతోనే మింగితే ఈ తలనొప్పి ఉండదు.

ఇక బండి దగ్గర గ్లాసు. నా అభ్యంతరం మాత్రల గురించి కాదు, ఆ గ్లాసు గురించి. ఈసారి నాన్నగారితో మీరూ వెళ్లి చూడండి. నాలుగైదు కాయలు తొక్క తీసి, మిషన్‌లో నొక్కి, జల్లెడలో పోసి పిప్పంతా బుట్టలో కొట్టేస్తాడు. అడక్కపోతే రెండు చెంచాల పంచదార వేస్తాడు. 250 మి.లీ. రసంలో పంచదార వెయ్యకముందే సుమారు 20 గ్రాముల చక్కెర ఉంటుంది, పీచు దాదాపు సున్నా. నాలుగు బత్తాయిలు ఒలుచుకుని తినమంటే రెండో కాయ దగ్గరే ఎవరైనా ఆగిపోతారు. గ్లాసయితే రెండు నిమిషాల పని. పండ్లరసంలోని చక్కెరని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పంచదార, తేనెల లెక్కలోనే వేస్తుంది, పండులోని చక్కెర లెక్కలో కాదు. షుగర్ ఉన్నాయనకి ఈ తేడా చాలు.

పైగా బుట్టలోకి పోయే ఆ పిప్పిలోనే అసలు సరుకు ఉంది. తొన చుట్టూ ఉండే తెల్లటి పొరలో హెస్పెరిడిన్ అనే ఫ్లేవనాయిడ్ ఉంటుంది. రక్తనాళాల లోపలి పొర మీద దీని ప్రభావం గురించి పరిశోధనలు జరిగాయి, రోజూ నారింజ రసం తాగినవాళ్లలో కింది బీపీ కొద్దిగా తగ్గినట్టు కూడా చూశారు. కొద్దిగానే, టెల్మిసార్టాన్ మానేసేంత కాదు. ఆ హెస్పెరిడిన్ కావాలంటే తెల్లపొరని ఈనెలు ఏరినట్టు ఏరి పారెయ్యకుండా తొనతో పాటు తినాలి.

ఇంట్లో బత్తాయి రసం తీసి ఫ్రిజ్‌లో పెడితే గంటలో చేదెక్కుతుంది, గమనించారా? చాలామంది పాడైందనుకుని పారబోస్తారు. పాడవలేదు. పొరల్లో, గింజల్లో రుచి లేని ఒక పదార్థం ఉంటుంది. కాయని నలిపినప్పుడు అది రసంలోని పులుపుతో కలిసి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది, అదే చేదు. మిక్సీలో గింజలతో సహా తిప్పితే ఇంకా త్వరగా చేదెక్కుతుంది. లిమోనిన్ హాని చెయ్యదు. "క్యాన్సర్‌ని చంపే లిమోనిన్" అని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మాత్రం గాజు గిన్నెల్లో కణాల మీద, ఎలుకల మీద చేసిన పనిని మనిషికి అంటగట్టినది. అలాంటివి చదివి నవ్వుకుని ఊరుకోండి.

పరగడుపున నిమ్మరసం, తేనె గురించి ఎక్కువ రాయను. కొవ్వు కరగదు. రెండు చెంచాల తేనె అంటే చిన్న చెంచాలయినా 12 గ్రాముల చక్కెర. కొందరు నిజంగానే తగ్గుతారు, ఎందుకంటే అంతకుముందు ఆ టైమ్‌కి తాగే చక్కెర కాఫీ, దాంతో పాటు నాలుగు బిస్కెట్లు మానేసి ఉంటారు. "రక్తాన్ని ఆల్కలైన్ చేస్తుంది" అన్నది కూడా సగం మాట. నిమ్మలోని సిట్రేట్ ఒంట్లో కరిగాక మూత్రం పులుపు కాస్త తగ్గుతుంది. రక్తం పీహెచ్ (పులుపు ఎంతో చెప్పే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) మాత్రం ఎప్పుడూ 7.35–7.45 మధ్యే ఉంటుంది, అది తప్పితే మనిషి ఐసీయూలో ఉంటాడు. తేనె తీసేసి నిమ్మనీళ్లు తాగనివ్వండి, ఆయన ముచ్చట ఎందుకు కాదనాలి.

రాయి దగ్గర పక్కింటాయన మాటకి ఆధారం ఉంది. ఎక్కువమందిలో ఉండేది కాల్షియం ఆక్సలేట్ రాయి. మూత్రంలో సిట్రేట్ ఉంటే అది కాల్షియంని పట్టుకుని ఆక్సలేట్‌తో కలవనివ్వదు, చిన్న స్ఫటికాలు పెద్దవి కాకుండా కూడా చూస్తుంది. సిట్రేట్ తక్కువున్నవాళ్లకి రోజుకి సుమారు 120 మి.లీ. నిమ్మరసం రెండు లీటర్ల నీళ్లలో కలిపి ఇస్తే మూత్రంలో సిట్రేట్ పెరిగిందని 1990లలోనే చూపించారు. మన నిమ్మకాయలయితే సైజును బట్టి ఆరేడు కాయలు. రోజూ ఆరేడు కాయల రసం ఎన్నాళ్లు తాగుతారు? నేను చెప్పిన పేషెంట్లలో సగం మంది మూడో వారానికే చేతులెత్తేశారు, పళ్లు జివ్వుమంటున్నాయని.

అయితే కొత్త రాయి రాకుండా చూడటం వేరు, ఉన్న రాయిని కరిగించడం వేరు. కాల్షియం ఆక్సలేట్ రాయి నిమ్మరసానికి కరగదు. మూత్రం పులుపు తగ్గితే కరిగేది యూరిక్ యాసిడ్ రాయి, దానికి డాక్టర్లు పొటాషియం సిట్రేట్ మందు రాస్తారు, మూత్రం పరీక్ష చేస్తూ మోతాదు మారుస్తారు. 4 మి.మీ. రాయి చాలాసార్లు దానంతటదే జారిపోతుంది. జారిపోయిన రోజు ఏది తాగుతుంటే దానికి పేరొస్తుంది, నిమ్మరసమైనా బీరైనా. నాన్నగారు చెయ్యాల్సిన పని రోజుకి రెండు, రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్లు తాగడం. మన ఎండలకి మూడు లీటర్ల నీళ్లు కూడా చాలకపోవచ్చు. ఆ నీళ్లలోనే రోజంతా కలిపి రెండు నిమ్మకాయలు పిండుకుంటే మంచిదే. ఉప్పు వెయ్యొద్దు. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది, బీపీ సంగతి సరేసరి. సాయంత్రం పూట సాల్ట్ నిమ్మసోడా అలవాటుంటే అది నిమ్మరసం ఖాతాలో వెయ్యకండి.

రాయి ఉందని విటమిన్ సి మాత్రలు అసలు మొదలుపెట్టొద్దు. ఎక్కువ మోతాదులో అది ఒంట్లో ఆక్సలేట్‌గా మారి రాయికే సాయం చేస్తుంది. జలుబుకి మంచిదని కరోనా రోజుల నుంచి చాలామంది ఇళ్లలో డబ్బాలు మిగిలిపోయాయి. రోజూ వేసుకున్నా మామూలు మనుషుల్లో జలుబులు తగ్గవు, వచ్చిన జలుబు పెద్దవాళ్లలో 8 శాతం తొందరగా పోతుంది, వచ్చాక మొదలుపెడితే అదీ లేదు. ఇన్నేళ్ల ట్రయల్స్ కలిపి చూస్తే తేలింది ఇది. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క మగవాళ్లకి రోజుకి 80 మిల్లీగ్రాములు, ఒక మోస్తరు జామకాయలో సగంతో తీరిపోతుంది. నిమ్మకి ఉన్న పేరు పెద్దది గానీ విటమిన్ సి లెక్కన జామ ముందు నిలబడదు.

నిమ్మల్లో కూడా అన్నీ ఒకటి కావు. ఇంటర్నెట్‌లో లెమన్ గురించి రాసినవన్నీ పసుపుపచ్చటి పెద్ద నిమ్మ గురించి. గూడూరు నుంచీ తెనాలి నుంచీ మనకొచ్చేది లైమ్, దాంట్లో విటమిన్ సి ఆ పెద్ద నిమ్మలో సగానికి కాస్త ఎక్కువ. ఈ తేడా తెలియక బ్రిటిష్ నౌకాదళం దెబ్బతింది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) వచ్చిన 12 మంది నావికుల్లో ఇద్దరికి నారింజ, నిమ్మ ఇచ్చి ఆరు రోజుల్లో కోలుకోవడం చూశాడు. 1795 నుంచి నావికులకి నిమ్మరసం ఇచ్చారు, స్కర్వీ పోయింది. 19వ శతాబ్దంలో తమ వలసల నుంచి వచ్చే లైమ్‌కి మారారు. అసలే తక్కువ, ఆ పైన నిలవ ఉంచి, రాగి గొట్టాల గుండా పంపారు. రాగి తగిలితే విటమిన్ సి నిలవదు. ధ్రువాల వైపు వెళ్లిన ఓడల్లో స్కర్వీ మళ్లీ వచ్చింది.

అందుకే అమ్మగారికి చెప్పేది కూడా ఇదే కోవలోది. తోటకూర పప్పు పొయ్యి మీద ఉండగా నిమ్మ పిండితే వేడికి విటమిన్ సి సగం వృథా, కంచంలో వడ్డించాక పిండాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఐరన్ ఒంటికి తేలిగ్గా పట్టదు. అదే ముద్దలో విటమిన్ సి ఉంటే బాగా పడుతుంది. ఐరన్ మాత్రకి మాత్రం విటమిన్ సి మాత్ర తోడు చేస్తే అదనంగా ఒరిగేదేమీ లేదని 2020లో చైనాలో జరిగిన ట్రయల్‌లో తేలింది. నిమ్మనీళ్లతో మింగినా తప్పు లేదు. తప్పల్లా మాత్ర వేసుకుని పావుగంటలో కాఫీ తాగడం. గంటన్నర, రెండు గంటలు ఆగమనండి. అన్నట్టు 9.8 ఎందుకొచ్చిందో కూడా చూపించుకోవాలి. ఆ వయసులో రక్తం తగ్గడానికి తిండి ఒక్కటే కారణం అనుకోకూడదు.

పళ్ల గురించి అన్నాను కదా. పంటి మీది ఎనామెల్ 5.5 కంటే తక్కువ పీహెచ్ దగ్గర కరగడం మొదలవుతుంది, నిమ్మరసం పీహెచ్ రెండు, రెండున్నర. నీళ్లు కలిపితే పులుపు కొంత తగ్గుతుంది గానీ పోదు. గంటసేపు చప్పరిస్తూ తాగకుండా ఒక్కసారి తాగేసి, నోరు పుక్కిలించి, అరగంట దాకా బ్రష్ చెయ్యకుండా ఉంటే చాలు. పొద్దున్నే నిమ్మనీళ్లు తాగి వెంటనే బ్రష్ పట్టుకునేవాళ్లు మెత్తబడిన ఎనామెల్‌ని చేతులారా అరగదీసుకుంటున్నారు.

కొంచెం పక్కదారి. మా పిన్ని ఒక ఏప్రిల్‌లో డాబా మీద కూర్చుని ఊరగాయకి రెండొందల నిమ్మకాయలు కోసింది. మర్నాటికి రెండు చేతులూ మణికట్టు దాకా ఎర్రబడి మంట, ఆ తర్వాత బొబ్బలు. రసం మోచేతి వైపు కారిన చోటల్లా గీతలు గీసినట్టు నల్లమచ్చలు, రెండు నెలలు పోలేదు. ఎలర్జీ అనుకుని ఆవిడ నిమ్మకాయే మానేసింది. ఎలర్జీ కాదు, మొదట్లో చెప్పిన ఫ్యూరనోకౌమరిన్ల పనే. నిమ్మ తొక్కలో అవి బాగా ఉంటాయి. చర్మం మీద పడి ఎండ తగిలితే కాలుస్తాయి. నీడలో కోసి, సబ్బుతో కడుక్కుని బయటికొస్తే ఏమీ కాదు. మొహం మెరుస్తుందని నిమ్మచెక్క రుద్దుకుని ఎండలో కాలేజీకి బయల్దేరే పిల్లలకి ఇది చెప్పండి.

డబ్బా రసాలకి ఒక్క మాట. 2024 జూన్‌లో మన ఆహార భద్రతా సంస్థ, అదే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, నీళ్లు కలిపి తిరిగి తయారు చేసిన రసాల మీద "100 శాతం పండ్లరసం" అని రాయడం ఆపమంది. వెనక్కి తిప్పి చక్కెర గ్రాములు చదవండి, ముందున్న బొమ్మ చూడకండి. అందులో "సిట్రిక్ యాసిడ్" అని ఉంటే అది నిమ్మ నుంచి తీసింది కాదు. చక్కెర ద్రావణంలో ఒక రకం బూజుని పెంచి తీస్తారు, వందేళ్లుగా అంతే. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు కూడా అదే. ప్రమాదమేమీ కాదు, కానీ దాని పేరు చెప్పుకుని నిమ్మ గుణాలు అమ్మితే నమ్మొద్దు.

చివరగా నాన్నగారి లెక్క. బండి గ్లాసు మాన్పించి, పదకొండింటికి ఒక బత్తాయి తొనలు ఒలిచి ఇవ్వండి. అయితే దానికి ముందు ఒకటి చూడాలి. ఒక గ్లాసు రసంలో 400–500 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. కిడ్నీలు బాగుంటే మంచిదే, బీపీకి సాయం కూడా. టెల్మిసార్టాన్ మాత్రం పొటాషియంని ఒంట్లో నిలబెట్టే మందు. షుగర్, బీపీ రెండూ ఉన్నాయనకి కిడ్నీ పనితీరు కొంచెం తగ్గి ఉంటే బత్తాయి రసం, కొబ్బరినీళ్లు, అరటిపండు ఒకే రోజు పడటం మంచిది కాదు. ఎక్కువైన పొటాషియం పైకి ఏ లక్షణమూ చూపించకుండానే గుండె లయని దెబ్బతీస్తుంది. ఆరు నెలల లోపు చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం రిపోర్టులు ఉన్నాయేమో చూడండి. లేకపోతే ఈ వారంలో చేయించి, ఆ రెండు అంకెలూ ఇక్కడ రాయండి. రోజుకి ఒక బత్తాయా, రెండా అన్నది అవి చూశాక చెప్తాను.